నుదుటి దాకా వచ్చిన ఫొటో

బర్నబా దగ్గర సలహాలకు కరువు లేదు. అరకు స్టేషను రోడ్డులో అతని కంప్యూటర్ రిపేరు కొట్టులోకి అడుగుపెట్టినవాడు, మిషను బాగుపడినా పడకపోయినా, నాలుగు చీవాట్లు తిని వెళ్లాల్సిందే. మానిటర్ మీద లేసు గుడ్డ కప్పి అలాగే పనిచేస్తారేం, దానికేమైనా చలిజ్వరమా అనేవాడు. దసరాకి సీపీయూకి పూజ చేసుకోండి, కాదనను, హారతి మాత్రం ఫ్యానుకి దూరంగా తిప్పండి అనేవాడు. కొండ మీద కరెంటుని నమ్మొద్దనేవాడు. పది ఊళ్లు తిరిగొచ్చిన పెన్ డ్రైవ్‌ని ఇంట్లోకి రానివ్వొద్దనేవాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, దాచుకున్నదేదైనా రెండు చోట్ల దాచుకోండిరా బాబూ అని మొత్తుకునేవాడు. వినేవాళ్లు తక్కువ. వైరస్ పట్టి మూలనపడ్డ ప్రతి కంప్యూటర్‌కీ అతను వేసే మందు ఒకటే, ఫార్మాట్. అంటే లోపల ఉన్నదంతా తుడిచిపారేసి, కొత్తింట్లో కాపురం పెట్టినట్టు అన్నీ మళ్లీ మొదటి నుంచి ఎక్కించడం.

గోడ మీద ఒక కాగితం అంటించి ఉండేది. ‘మీ ఫైళ్లు మేము తెరిచి చూడము’ అని ఎర్ర స్కెచ్ పెన్నుతో తానే రాశాడు. విశాఖలో పని నేర్చుకున్న కొట్టులో, జనం ఇచ్చిన కంప్యూటర్లు తెరిచి వాళ్ల పెళ్లిఫొటోలు చూసి నవ్వుకునేవాళ్లు. అది చూసి అతనికి ఒళ్లు మండింది. సొంత కొట్టు పెట్టుకున్నాక చేసిన మొదటి పని ఆ కాగితం అంటించడం. ఊళ్లో ఇంకెవరికీ లేని నీతి తనకుందని లోలోపల కాస్త మురిసిపోయేవాడు కూడా.

రెండు వేల ఆరు నవంబరు. వలిసె పూలు పూసి కొండవాలులన్నీ పసుపు రాసుకున్నట్టు ఉన్న రోజులు. ఒక శుక్రవారం, సంత రద్దీలో, భీముడనే మనిషి కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. టైడా స్టేషనుకి పైన కొండ మీద అతని ఊరు. కిరండూల్ పాసింజరెక్కి వచ్చాడు. తువ్వాలు మూట విప్పి ఆరు సీతాఫలాలు బల్ల మీద పెట్టి, జేబులోంచి మడతపెట్టిన చీటీ తీసి ఇచ్చాడు. ఆడపిల్లల హాస్టలు వార్డెను మాధవి రాసిన చీటీ అది. ఇతని కూతురు గంగ మా హాస్టల్లో ఆరో తరగతి చదివేదనీ, జూన్‌లో పిల్లలందరికీ తీయించిన ఫొటోలు మీ దగ్గరున్న మా కంప్యూటర్‌లోనే ఉన్నాయనీ, గంగ ఫొటో ఒకటి ప్రింటు తీసి ఇమ్మనీ రాసింది.

చీటీ చదివి బర్నబా వెనక్కి తిరిగి చూశాడు. ఆ కంప్యూటర్ బాగై, దుమ్ము తుడిపించుకుని, తీసుకెళ్లడానికి సిద్ధంగా అతని వెనకే బల్ల మీద ఉంది. మంగళవారం దాన్ని ఫార్మాట్ చేశాడు.

మిగతాది భీముడు చెప్పాడు. ఆగస్టులో గంగకి జ్వరం తలకెక్కింది. కబురందుకుని తాను వచ్చేసరికి పిల్ల ఆస్పత్రి మంచం మీద లేదు, ప్రాణం పోయి వెనక పాకలో చాప మీద ఉంది. ఊరికి తీసుకుపోదామంటే దారిలో కొండవాగు, గెడ్డ పొంగింది. మూడు రోజులు తగ్గలేదు. ఇవతల గట్టునే పూడ్చిపెట్టారు. తల్లి సోములమ్మ అవతల గట్టున నిలబడిపోయింది. ఆఖరి చూపు దక్కలేదు. ఇప్పుడు ఆమెకి కూతురి ముఖం గురించి కొత్త దిగులు పట్టుకుంది.

“గుంట మొకం మరిసిపోతన్నానంటంది బావూ,” అన్నాడు భీముడు. “కళ్లు మూసుకుంటే రావట్లేదంట. పుట్టి బుద్దెరిగి దానికి ఫొటో తీసింది ఆ ఒక్కపాలే.”

బర్నబా కూర్చోమన్నాడు. నిజం అప్పుడే చెప్పలేదు. మంగళవారం ఆ కంప్యూటర్ దింపిన హాస్టలు అటెండరుని, లోపల అవసరమైనవేమైనా ఉన్నాయా అని అడగనైతే అడిగాడు. నాకేటి తెలుసు సార్ అన్నాడతను. వార్డెనుకి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. చెయ్యలేదు. అప్పటికి వరసలో ఇంకా అయిదు మిషన్లున్నాయి.

తుడిచేసినవాటిని తిరిగి లాగే సీడీ ఒకటి అతని దగ్గరుంది. అది పెట్టాడు. తుడిచినదాని మీద మళ్లీ విండోస్ ఎక్కించినందువల్ల ఏది మిగిలిందో, ఏది దాని కింద నలిగిపోయిందో దేవుడికే తెలియాలి. రెండు గంటలకి పైగా పట్టింది. భీముడు స్టూలు మీద కదలకుండా కూర్చుని, తెర మీద పాకుతున్న నీలం గీతనే చూశాడు. టీ తెప్పిస్తే తాగలేదు.

చివరికి బొమ్మలు వచ్చాయి. పేర్లు పోయి, అంకెలు మిగిలాయి. అదే గోడ, అదే యూనిఫాం, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. కొన్ని నిండుగా వచ్చాయి. కొన్ని సగం వచ్చి, కింది సగం బూడిదరంగు పలకలా ఉన్నాయి. బర్నబా ఒక్కొక్కటే తెరుస్తుంటే, ఇది కాదు, ఇది కాదు అంటూ పోయాడు భీముడు. బతికున్న పిల్లలు చక్కగా నవ్వుతూ వచ్చి పోతున్నారు. ముప్పై నలభై మధ్య ఎక్కడో లెక్క తప్పింది బర్నబాకి.

“ఆగు బావూ.”

ఆ బొమ్మలో పాపిడి ఉంది. నూనె రాసి నున్నగా దువ్విన జుట్టు ఉంది. నుదురుంది, నుదుటి మీద కుడివైపు రూపాయంత కాలిన మచ్చ ఉంది. కనుబొమల దగ్గరికొచ్చి ఆగిపోయింది. అక్కడి నుంచి కింద వరకూ బూడిదరంగే.

“ఇదే నా గుంట. సిన్నప్పుడు ఫిట్సొస్తే నేనే వాత పెట్టించినాను,” అని భీముడు వేలితో తెర మీద ఆ మచ్చని తాకాడు. “కిందది ఇంకెంతసేపటికొత్తాది?”

బర్నబాకి ఏడుపొచ్చింది. ఇలాంటప్పుడు అతని నోటికి అలవాటైన మాట ఒకటుంది, ముందే రెండు చోట్ల దాచుకోవాల్సిందని. ఆ మాట తలుచుకుంటేనే తన మీద తనకి రోత పుట్టింది.

“ఇంక రాదన్నా,” అన్నాడు. “నేనే తుడిచేశాను. మంగళవారం.”

భీముడు కేకలెయ్యలేదు. ఆలోచించాడు. ఏదో దారి దొరికినట్టు తలెత్తాడు.

“తుడిసినపుడు సూసుంటావు కదా. నవ్విందేటి?”

“చూడలేదు.”

“సూడకండానే తుడిసేసినావా?”

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బర్నబా తట్టుకునేవాడు. అర్థంకాక అడిగిన మాట అది. మనిషన్నవాడు అలా ఎలా చేస్తాడో నిజంగానే తెలియక అడిగాడు. జవాబు గోడ మీద ఎర్ర అక్షరాలతో ఉంది గానీ, భీముడికి చదవడం రాదు.

ఆ నుదుటినే ప్రింటు తీయించుకున్నాడు భీముడు. రైలు వేళయింది. మెట్టు దిగుతూ వెనక్కి తిరిగాడు. సోములమ్మకి ఈ మాట చెప్పొద్దన్నాడు. కంప్యూటర్ పాడైందని చెప్తాననీ, పాడవకముందు నువ్వు చూశావని చెప్తాననీ అన్నాడు. “నవ్వుతాందని సెప్తాను. సోములమ్మ అడిగితే నువ్వూ అదే సెప్పు.” బర్నబా తలూపాడు. తాను చెయ్యగలిగిన ప్రాయశ్చిత్తం ఇంతేననుకున్నాడు.

మరుసటి సంతకి సోములమ్మ వచ్చింది. కొట్టు మెట్టు మీద కూర్చుని, ఆ ప్రింటు ఒళ్లో పరుచుకుంది. “సూసినావంట కదా బావూ, ఎలగుంది?” అని అడిగింది. నవ్వుతోందమ్మా అన్నాడు బర్నబా. ఆమె ఆ ఒక్క మాటతో వెళ్లిపోయింది. ఆ పై సంతకి మళ్లీ వచ్చి, కళ్లెలా ఉన్నాయని అడిగింది. పెద్ద కళ్లన్నాడు. పెదాలు మూసుకుని నవ్విందా, తెరిచి నవ్విందా అంది. తెరిచే అన్నాడు. ఏదీ చాలేది కాదు ఆమెకి. పాత మాటే చెప్తే, ఇంకా, అని ఎదురుచూసేది. చెప్పడానికేమీ లేక, నిండుగా వచ్చిన ఆ బతికున్న పిల్లల ముఖాల్లోంచి ఒక్కొక్కటి ఎత్తి చెప్పడం మొదలుపెట్టాడు. ఒకరి పలువరస, ఒకరి గడ్డం. ఎడమ బుగ్గ మీద సొట్ట ఎవరి దగ్గర్నుంచి తీశాడో అతనికే గుర్తులేదు. చెప్పిన ప్రతిసారీ సోములమ్మ కళ్లు మూసుకుని తలూపేది. రాత్రి నిద్ర పడుతోందని కూడా చెప్పింది. ఆ మాటకి సంతోషించాడు, వెర్రివాడు.

ఫిబ్రవరికల్లా అతను చెప్పనక్కర్లేకుండా పోయింది. ఆమే చెప్పేది. సంతలో పక్కన కూర్చున్న ఆడవాళ్లకి, టీకొట్టు యర్రమ్మకి, నుదుటి ప్రింటు చూపించి మిగతా ముఖం నోటితో చెప్పేది. ఆ పలువరస, ఆ గడ్డం, అన్నీ ఉన్నాయి అందులో. “నవ్వితే ఈ బుగ్గ లోపలికెల్లిపోద్ది మా గుంటకి,” అని తన చెంప మీద వేలుతో నొక్కి చూపించేది. ఇప్పుడు మరిచిపోవట్లేదంది. కళ్లు మూసుకుంటే చాలు, ఎదురుగా వచ్చి నిలబడుతోందంది.

భర్తతో వచ్చిన ఒక సంతరోజు ఆమె రైలుకని ముందు నడిచింది. భీముడు ఒక్క క్షణం కొట్టు దగ్గర ఆగాడు. బర్నబా స్క్రూడ్రైవరు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

“మా గుంటకి బుగ్గ మీద సొట్ట నేదు బావూ,” అన్నాడు భీముడు నెమ్మదిగా.

భీముడు స్టేషను వైపు వెళ్తున్న భార్యని చూస్తూ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“ఇప్పుడు నాకూ సొట్టతోనే అగుపడతంది.”