అవకతవకలు

ఆమె కోపం ఎలాంటిదో ఆ ఊళ్ళో కారు నేర్చుకున్నవాళ్ళందరికీ తెలుసు. డ్రైవింగ్ స్కూల్లో చాలా ఏళ్ళు పనిచేసింది. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద నుంచి కాలు తీసేది కాదు. అందుకే ‘బ్రేకు మేడం’ అని పేరు పడింది. అద్దం చూడకుండా బండి పక్కకు తిప్పినవాణ్ణి అక్కడే దింపేసి, స్కూలు దాకా నడిచి రమ్మనేది. ఆమె చేత తిట్లు తిననివాడికి లైసెన్సు రాదని కుర్రాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

అలాంటి మనిషికి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్యోగం మానేసింది. వారానికి మూడుసార్లు భర్త స్కూటర్ మీద తీసుకొచ్చి డయాలసిస్ వార్డు ముందు దింపి తన కొట్టుకు వెళ్ళిపోయేవాడు. చేతికి సూదులు గుచ్చి, మిషనుకు కలిపి, కదలకుండా కూర్చోమంటే ఒంటిమీద చీమలు పాకుతున్నట్టుండేది ఆమెకు. టీవీని తిట్టేది. ఏసీని తిట్టేది. దుప్పటి పలచగా ఉందని సిస్టర్‌ని, మందంగా ఉందని ఆయమ్మని తిట్టేది.

ఓ రోజు పక్క కుర్చీలోని పెద్దాయన ఆమె వైపు తిరిగాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. సన్నగా, గళ్ళ చొక్కాతో, ఎప్పుడూ నవ్వు మొహంతో ఉండేవాడు.

“ఏం అమ్మాయ్, తిట్టడానికి ఇన్ని మాటలొచ్చు కదా నీకు. ఆటకి పనికొస్తాయేమో చూద్దామా?” అన్నాడు.

సంచిలోంచి ఓ పాత అట్టపెట్టె తీశాడు. అందులో గళ్ళ బోర్డు, గుడ్డ మూటలో అక్షరాల బిళ్ళలు. చూడకుండా మూటలో చెయ్యి పెట్టి ఏడు బిళ్ళలు తీసుకోవాలి. వాటితో బోర్డు మీద అడ్డంగానో నిలువుగానో మాట కట్టాలి, అది అంతకు ముందున్న మాటకి తగలాలి. అరుదైన అక్షరానికి మార్కులు ఎక్కువ. ఖాళీ బిళ్ళని ఏ అక్షరంగానైనా వాడుకోవచ్చు. ఎర్ర గడిని తాకితే మూడింతలు. అలాంటి మాట లేదని ఎదుటివాళ్ళంటే నిఘంటువు తీసి చూడాలి. లేకపోతే బిళ్ళలు వెనక్కి, వంతు పోయినట్టే.

మొదటి ఆటలో ఆమె చిత్తుగా ఓడిపోయింది. రెండో ఆటలోనూ అంతే. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, భర్త పెట్టిన మజ్జిగన్నం ముందు పెట్టుకుని, “‘ఢ’ తో ఏమేం మాటలొస్తాయండీ?” అని అడిగింది. ఆమె ఒంట్లో బాగోలేదన్న సంగతి కాకుండా ఇంకో విషయం మాట్లాడి చాలా కాలమైందని ఆయనకి అప్పుడు తట్టింది.

అప్పట్నుంచి ఆ రెండు కుర్చీలూ వాళ్ళవే. ఆయన్ని ఆమె ‘బాబాయ్’ అని పిలవడం మొదలుపెట్టింది. ఆమెకి సూదులు ఎడమచేతికి, బాబాయికి కుడిచేతికి. ఆమె కిటికీ పక్కన, ఆయన ఆమెకి కుడివైపున కూర్చుంటే, ఖాళీగా ఉన్న చేతులు రెండూ మధ్యలోకి వస్తాయి. ఆ మధ్యలో మందుల బల్ల, బల్ల మీద బోర్డు. మరోలా కూర్చుంటే ఆట కుదరదు.

బాబాయిది పిసినారి ఆట. రెండక్షరాల మాటలతో దారులన్నీ మూసేసి, ఏమీ ఎరగనట్టు చూసేవాడు. ఆమెకి పొడుగు మాటలు కావాలి. ఒకసారి ఆమె ‘టపటప’ అని పేర్చింది.

“అది మాట కాదమ్మాయ్, చప్పుడు.”

“చప్పుడైతే నిఘంటువులో ఏం చేస్తోంది బాబాయ్? తియ్యి పుస్తకం!”

పుస్తకంలో ఉంది. ఆమె కేకకి వార్డంతా ఉలిక్కిపడింది. వాళ్ళ గొడవ వినడం కోసం మిగతావాళ్ళు టీవీ సౌండు తగ్గించమనడం మొదలుపెట్టారు. ‘ఇవాళ ఎవరిది పైచేయి?’ అని ఆయమ్మ వచ్చినప్పుడల్లా అడిగేది. ఆ గంటలు ఎలా గడిచేవో ఆమెకి తెలిసేది కాదు.

ఆ రోజు ఆమె దగ్గర అ, వ, క, వ, క ఉన్నాయి. ఇంకో రెండు పనికిమాలిన బిళ్ళలు. బాబాయి కట్టిన ‘గొడుగులు’ బోర్డు మీద నిలువుగా ఉంది. ఆ చివరి ‘లు’కి ఎడమ పక్కన వరసంతా ఖాళీ, వరస మొదట్లో ఎర్ర గడి. ఒక్క ‘త’ దొరికితే ‘అవకతవకలు’! ఆమె ఓ పిచ్చి మాట వేసి, ఒక బిళ్ళ వదిలించుకుని, మూటలో చెయ్యి పెట్టింది. ‘త’ వచ్చింది.

మొహం మామూలుగా ఉంచడానికి కిటికీలోంచి బయటికి చూసింది. ఇప్పుడు బాబాయి వంతు. ఆయన గడ్డం గోక్కుంటున్నాడు. ఆ వరసలో ఎక్కడ వేలు పెట్టినా అంతా పోతుంది. ఆయన చెయ్యి అటువైపే వచ్చింది, ఆగింది, మళ్ళీ పైకెళ్ళి ఇంకెక్కడో ‘వల’ అని పెట్టింది. ఆమె ఊపిరి వదిలింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. ఆసుపత్రి మేనేజరు, వెనకాల కెమెరా పట్టుకున్న మనిషి, ఆ వెనకాల బొకేతో సిస్టరు. మేనేజరు టై సర్దుకుని, “వీళ్ళే సార్, మన ఆటగాళ్ళు!” అన్నాడు కెమెరా అతనితో. ఆసుపత్రి వార్షికోత్సవానికి పోస్టర్లు వేస్తున్నారట.

“ఈ బోర్డు బాగా మాసిపోయిందమ్మా. మీకోసం కొత్తది తెచ్చాం,” అంటూ మేనేజరు బోర్డుని వంచి, బిళ్ళలన్నీ గలగలా అట్టపెట్టెలోకి పోసేశాడు. ఆమె ముందున్న ఏడు బిళ్ళల్నీ అరచేత్తో ఊడ్చి అందులోనే పడేశాడు.

ఆమె పెట్టెలోకి చూసింది.

“ఎందుకు తీశారు?” అంది నెమ్మదిగా.

“మళ్ళీ ఆడుకోవచ్చు కదమ్మా. మీకేం, బోలెడు టైముంది.”

అరికాలి మంట నెత్తికెక్కింది. రోడ్డు మీదైతే బండి ఆపి, దిగి, అతని ముందు నిలబడేది. ఇక్కడ లేవడానికి లేదు. లేస్తే సూదులు ఊడతాయి. తన రక్తం తన కళ్ళముందే గొట్టాల్లో తిరుగుతుంటే, తనకంటే చిన్నవాడు, ఆరోగ్యంగా రెండు కాళ్ళమీద నిలబడ్డవాడు, టైముందని చెబుతున్నాడు. ఈలోగా అతను కొత్త బోర్డు మీద మెరిసే బిళ్ళలతో ‘ఆశ’, ‘ఆనందం’, ‘ఆరోగ్యం’ పేర్చేస్తున్నాడు. ఒకదానికొకటి తగలకుండా, ఎక్కడ పడితే అక్కడ. మూటలో ‘ఆ’ రెండే ఉంటాయి. మూడోది దొరక్క, ఖాళీ బిళ్ళ మీద పెన్నుతో రాసేశాడు.

“ఖాళీ బిళ్ళ మీద రాస్తావా?” ఆమె గొంతు లేచింది. “ఇక అది దేనికి పనికొస్తుంది? తియ్యి చెయ్యి! నా బిళ్ళలు నాకు తిరిగి పెట్టు! చెయ్యి తియ్యమంటే నీక్కాదూ!”

కెమెరా టకటకమంది. మిషను కీచుమని అరిచింది. సిస్టరు పరిగెత్తుకొచ్చి బీపీ చూసి, “మేడం, ప్లీజ్ మేడం, ఊపిరి తీసుకోండి,” అంటూ వీపు నిమిరింది. ఆమె పక్కకి తిరిగి చూసింది. బాబాయి కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు.

మళ్ళీ వచ్చేసరికి కుర్చీలు మారిపోయాయి. బాబాయిది కిటికీ పక్కన, ఆమెది ఆయనకి కుడివైపున. మధ్యలో ఇద్దరి సూదుల చేతులూ, రెండు మిషన్లూ. ఖాళీ చేతులు రెండూ చెరో చివర.

“ఆటవల్ల మీకు బీపీ పెరుగుతోందని మేనేజరు గారు మార్పించారు మేడం,” అంది సిస్టరు, ఆమె కళ్ళలోకి చూడకుండా.

“ఆటవల్లా? అతనివల్లా?”

సిస్టరు దూది కోసం వెళ్ళిపోయింది.

“పోనీలే అమ్మాయ్,” అన్నాడు బాబాయి. “కొన్నాళ్ళు పోతే వాళ్ళే మర్చిపోతారు.”

“నువ్వు మాట్లాడకు బాబాయ్. నా ఆట ఊడ్చి పారేస్తుంటే నువ్వు నవ్వావు.”

“అలవాటమ్మా. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు తలుపు తియ్యగానే మన మొహమే చూస్తారు. నవ్వకపోతే హడలిపోతారు. ఇన్నేళ్ళూ అదే ఉద్యోగం కదా.”

“ఇక్కడ ఇరుక్కుంది నేను. నువ్వు నవ్వింది అతణ్ణి చూసి.”

బాబాయి కిటికీ వైపు తిరిగాడు. ఆ రోజు మొదలు ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆమె మొహం గంటు పెట్టుకుని టీవీ చూసేది. అందులో ఎవరో అత్తగారు ఎవరో కోడలి మీద కుట్ర పన్నుతూ ఉండేది, వారం తర్వాత చూసినా అదే కుట్ర. గంటలు మళ్ళీ పొడుగైపోయాయి. ఇంట్లో ఆమె భర్త గిన్నె చప్పుడు చెయ్యడానికి కూడా భయపడ్డాడు.

పోస్టరు తర్వాతి వారం కనిపించింది. ఆసుపత్రి హాల్లో, మందుల కౌంటరు ఎదురుగా, నిలువెత్తున. అందులో ఆమె నోరంతా తెరిచి, తల వెనక్కి వాల్చి, విరగబడి నవ్వుతోంది. నిజానికి ‘చెయ్యి తియ్యి’ అని అరుస్తోంది. ఎదురుగా ‘ఆనందం’ బిళ్ళలు, పక్కన బాబాయి నవ్వు. కింద పెద్దక్షరాల్లో: ‘ఇక్కడికొస్తే పుట్టింటికొచ్చినట్టే ఉంటుంది.’

ఆమె సరాసరి మేనేజరు గదిలోకి వెళ్ళింది. తలుపు కొట్టలేదు.

“ఆ మాట నేనెప్పుడన్నాను?”

“అందరికీ బాగా నచ్చిందమ్మా. ఎంత కళగా నవ్వారో!”

“నేనక్కడ నవ్వట్లేదు. తిడుతున్నాను.”

“ఎవర్ని?”

“నిన్నే!”

అతను కుర్చీలో వెనక్కి జరిగాడు. “ఫొటోలో అలా ఏం లేదమ్మా. ఇక కుర్చీల విషయమంటారా, అది మీ ఆరోగ్యం కోసం.”

“బయట గోడ మీద నేను ఆడుతున్నాను. లోపల ఆడితే ప్రమాదం. ఏది నిజమో అదైనా చెప్పు.”

అతను ఫోనెత్తి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించాడు. అవతల ఎవరూ లేరని ఆమెకి స్పష్టంగా తెలిసింది.

ఆ రోజు నుంచి ఆమె కాస్త ముందే రావడం మొదలుపెట్టింది. వచ్చి, పోస్టరు కింద నిలబడేది. చూడ్డానికి ఆగినవాళ్ళందరికీ, నాలుగు రోడ్ల కూడలిలో మాట్లాడే గొంతుతో, ఆ నోట్లోంచి సరిగ్గా ఏ మాట వస్తోందో చెప్పేది. ఆటంటే ఏమిటో, ‘అవకతవకలు’ ఎలా పోయిందో, ఖాళీ బిళ్ళ మీద పెన్నుతో రాయడం ఎంత పాపమో కూడా చెప్పేది. మందుల కౌంటరు దగ్గర వరస కదలడం మానేసింది. ఓ ముసలమ్మ అంతా విని, “ఆ ‘త’ కోసం ఎంతసేపు చూశావమ్మా పాపం!” అని నిట్టూర్చింది. ఆమెకి ఆ ముసలమ్మని కావలించుకోవాలనిపించింది.

ఇవన్నీ దూరంగా స్తంభం పక్కన నిలబడి బాబాయి వింటున్నాడని ఆమెకి తెలియదు.

ఆ తర్వాతిసారి ఆమె వార్డులోకి వచ్చేసరికి గొడవ అప్పటికే మొదలైంది. బాబాయి తన కిటికీ కుర్చీ వదిలేసి, రెండోదాంట్లో, అంటే పాత చోట్లో కూర్చున్నాడు. ఒళ్ళో అట్టపెట్టె. మొహంలో నవ్వన్నది లేదు. నవ్వు లేకుండా ఆయన ఎవరో వేరే మనిషిలా, ఇంకా ముసలివాడిలా ఉన్నాడు.

“లేవండి తాతగారూ, అది మేడం కుర్చీ,” అంటోంది సిస్టరు.

“లేవను.”

“మేనేజరు గారు నన్నంటారు.”

“ఆయన్నే రమ్మను. వచ్చి నన్నెత్తి అవతల పడెయ్యమను. ఈ చెయ్యి మాత్రం ఇవ్వను.” ఆయన కుడిచేతిని చొక్కాలోకి దూర్చేసుకున్నాడు. “నా బోర్డు అది. నా బిళ్ళలు. అడగకుండా ముట్టుకున్నాడు. నేను పళ్ళికిలించుకుంటూ కూర్చున్నాను. సిగ్గేస్తోంది నాకు!”

ఆయన అరవగలడని అక్కడెవరికీ తెలియదు. టీవీ ఎవరో ఆపేశారు. కబురందుకుని కిడ్నీల డాక్టరమ్మ వచ్చింది. ఒక పూటలో అందర్నీ చూడాలి కాబట్టి ఎప్పుడూ విసుగ్గా ఉండే మనిషి.

“ఏమిటిది? ఎందుకు చెయ్యి దాచుకున్నారు?”

సిస్టరు చెప్పింది. ఆట, బీపీ, కుర్చీలు.

“ఆటవల్ల బీపీ పెరిగిందని ఎవరన్నారు?”

“మేనేజరు గారు డాక్టర్.”

“ఆయనెప్పట్నుంచి బీపీ చూస్తున్నాడు?” డాక్టరమ్మ బాబాయి వైపు, తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ ఆమె వైపు చూసింది. “ఎవరి చోట్లో వాళ్ళని కూర్చోబెట్టు. బల్ల ఎక్కడుండేదో అక్కడ పెట్టు. మేనేజరుతో నేను మాట్లాడతాను. ఇక సూదులు పెట్టించుకుని, నన్ను పని చేసుకోనిస్తారా?”

పోస్టరు మాత్రం తియ్యలేదు. గొడవపడగా పడగా, కింది మాట మీద తెల్ల కాగితం అంటించారు. ఆమె నవ్వుతున్నట్టే ఉంది ఇప్పటికీ. అటుగా వెళ్ళినప్పుడల్లా ఆమె దాన్ని ఓ మాట అనే వెళ్తుంది.

డాక్టరమ్మ పాత చోట్లు తిరిగి ఇప్పించిన ఆ రోజు, ఇద్దరూ బోర్డు పరిచారు. మూటలోంచి బిళ్ళలు తీసుకున్నారు. మొదటి మాట ఆమెది, రెండోది ఆయనది.

“నా మీద కోపం పోయిందా అమ్మాయ్?”

“పోలేదు. ఆడు.”

ఆయన ఆడాడు. దయాదాక్షిణ్యం లేకుండా, ఎప్పటికంటే పిసినారిగా, ఆమె పొడుగు మాటలకి చోటన్నది లేకుండా అన్ని వరసలూ బిగించేశాడు. ఆమె పళ్ళు నూరింది. నిఘంటువు రెండుసార్లు తీయించింది, రెండుసార్లూ ఆయనదే నెగ్గింది. మూడోసారి ఆయన ‘బొంకు’ అని పెడితే, అది ముందున్న మాటకి సరిగ్గా తగల్లేదని ఆమె, తగిలిందని ఆయన, ఇద్దరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. ఆ మూల కుర్చీలో ఉన్నాయన ఆమె పక్షం, ఆయమ్మ బాబాయి పక్షం.

“మేడం, మీ టైము అయిపోయింది. సూదులు తీసేస్తాను, చెయ్యివ్వండి,” అంది సిస్టరు వచ్చి.

ఆమె తలెత్తకుండా, “ఆగవమ్మా!” అని కసిరింది. “నా వంతు ఇప్పుడు.”