గాస్పరె పడిన చోట

మధ్యాహ్నం రిహార్సల్ జరుగుతుండగా, పైన దూలాల మీద తెరలు కట్టే కూలీ గాస్పరె వేదిక మీద పడ్డాడు. నేను దుస్తులు కుట్టే మనిషిని. కోటు పట్టుకుని అప్పుడే తెర పక్కకు వచ్చాను. అతని నడుముకు, పడకుండా ఆపే బెల్టు లేదు. కూలీలను పెట్టిన కాంట్రాక్టరు ఇవ్వలేదు. అడిగినవాళ్ళను రేపటినుంచి రావద్దనేవాడు.

అంబులెన్సు కదలగానే థియేటరు డైరెక్టరు వచ్చి వేదిక చెక్కల మీది రక్తం కడిగించమన్నాడు. సాయంత్రం సీజనుకు మొదటి ప్రదర్శన, రోము నుంచి మంత్రి వస్తున్నాడు. గాస్పరె మన మనిషి కాడు, కాంట్రాక్టరు మనిషి అని కూడా అన్నాడు.

సిసిలీలోని మా రేవు పట్టణంలో ఈ ఒపేరా హౌసు కోసం ఒక పేదల వాడను పడగొట్టారు. రాళ్ళు మోసింది ఆ వాడవాళ్ళే. యుద్ధంలో బాంబు పడి పైకప్పు కూలితే మళ్ళీ కట్టింది వాళ్ళ మనవలే. గాస్పరె తాత వాళ్ళలో ఒకడు. ఎలా కాకుండా పోయాడు మన మనిషి?

గాస్పరె చచ్చిపోయాడని కబురొచ్చాక దుస్తుల గదిలో అందరం చేరాం. వెంటనే గొడవ మొదలైంది. తాళ్ళు లాగే తూరి, కోరస్‌లో పాడే సవేరియో మీదికి వెళ్ళాడు.

"ఇన్నేళ్ళలో మీ గాయకుల్లో ఒక్కరైనా మా కూలీలను పేరు పెట్టి పిలిచారా సవేరియో అన్నా? ఇప్పుడెందుకీ ఏడుపు?"

"పిలవలేదు తమ్ముడూ" అన్నాడు సవేరియో తల దించుకుని.

ప్రదర్శన ఆపేద్దామన్నాడు తూరి. ఆపితే సీజనంతా పోతుందని వయొలిన్ వాళ్ళు భయపడ్డారు. అంతలో గాస్పరె భార్య అగాటా వచ్చింది, అతని చెప్పుల కోసం. మమ్మల్ని చూసి ఒకటే అడిగింది.

"ఇవాళ పాడతారా?"

ఆ తర్వాత ఇక వాదన లేదు.

సాయంత్రం తెర లేచింది. రాజుల కోట సెట్టు లేదు, కిరీటాలు లేవు. గాయకులం, కూలీలం, దర్జీలం మా మామూలు బట్టల్లో నిలబడ్డాం. అగాటా అతను పడిన చోట కూర్చుంది.

"గాస్పరె ఇక్కడే పడి చచ్చిపోయాడు. బెల్టు లేక" అన్నాడు సవేరియో. "ఇవాళ మేం పాడం."

ఖరీదైన కింది వరసల్లోవాళ్ళు తిట్టుకుంటూ లేచిపోయారు. పై అంతస్తులో చవక టికెట్ల జనం మాత్రం టోపీలు తీసి నిలబడ్డారు. పోలీసులు వేదికెక్కి సవేరియో రెక్క పట్టుకున్నారు. తూరి అతని రెండో చెయ్యి వదల్లేదు. ఇద్దరినీ ఈడ్చుకెళ్ళారు. అగాటాను లేపడానికి మాత్రం ఏ పోలీసుకూ చెయ్యి రాలేదు.

మర్నాడు పొద్దున రేవుకు వెళ్ళాం. అదే కాంట్రాక్టరు కింద క్రేన్లెక్కే కూలీలు చుట్టూ మూగారు. అగాటాకు ఉపన్యాసాలు రావు. భర్త పేరు చెప్పి ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఎవరూ ఎక్కకండి" అంది.

ఎవరూ ఎక్కలేదు.