ఊఁ కోసం వదిలిన చోటు

నేను చదువుతాను, అవతలివాళ్ళు వింటారు. అదే నా పని. కళ్ళు సరిగా కనిపించనివాళ్ళ ఇంటికి వెళ్ళి, గంట లెక్కన పుస్తకం చదివి వస్తాను. ఈ మధ్య ఆ ‘వాళ్ళు’ తగ్గి తగ్గి ఒక్కరే మిగిలారు. ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరైన పెద్దావిడ. చూపు మధ్యలో మచ్చ కమ్మేసింది, అంచుల్లో మాత్రం కాస్త కనిపిస్తుంది. అందుకని నన్ను చూడాలంటే నా భుజం పక్కన గోడని చూసేది.

ఆవిడకి హత్యల నవలలే కావాలి.

“బతుకంతా పుట్టేవాళ్ళనే చూశాను నాయనా, ఇప్పుడు కాస్త చచ్చేవాళ్ళ సంగతి విననీ,” అనేది.

నేను చదువుతుంటే ఊఁ కొట్టేది. నమ్మకం లేని ఊఁ వేరు, హంతకుణ్ణి పట్టేశానన్న ఊఁ వేరు, చెవి వంటింటివైపు ఉన్నప్పటి ఊఁ వేరు. వాక్యం చివర నేను చిటికెడు ఆగేవాణ్ణి. ఊఁ వినబడేది. మళ్ళీ సాగేవాణ్ణి. గదికి తిరిగొచ్చాక, మర్నాడు సాయంత్రం దాకా నాకు నోరు తెరిచే అవసరం ఉండేది కాదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఎవరైనా ఉంటే అది సంగతే అయ్యేది కాదు.

ఒకరోజు వాళ్ళమ్మాయి గుమ్మం దగ్గర ఆపింది. ఇంట్లోనే కూర్చుని కంపెనీలకి లెక్కలు చూసే మనిషి, మాట నెమ్మది.

“సార్, మరోలా అనుకోకండి. మీరొచ్చే టైముకని అమ్మ స్నానం, మందులు అన్నీ ముందుకీ వెనక్కీ జరపాల్సి వస్తోంది. మిగతా పుస్తకం రికార్డు చేసి ఇచ్చేయండి. మీ డబ్బులకేం ఢోకా లేదు. అమ్మ ఎప్పుడు కావాలంటే అప్పుడు వింటుంది. మీకూ తిరుగుడు తప్పుతుంది.”

“మంచి ఆలోచనండీ,” అన్నాను.

నా నోరు నన్ను అడక్కుండానే అనేసింది. మెట్లు దిగుతూ వాదించుకున్నాను. క్షవరం చేసేవాడు ఇవాళ చేస్తానని, తల ఇచ్చేవాడు రేపొస్తానంటే కుదురుతుందా? కొన్ని పనులు చేసేవాడూ చేయించుకునేవాడూ ఒకే క్షణంలో ఒకే చోట ఉంటేనే అవుతాయి. వాదం బాగానే ఉంది. కానీ చదవడం క్షవరం కాదు. రికార్డవుతుంది.

నా గదిలో కిటికీ మూసి, తలుపు సందులో దుప్పటి కుక్కి, ఫోన్‌ని గ్లాసుకి ఆనించి చదివాను. గొంతు చెక్కలా పలికింది. ఎదురుగా కుర్చీ వేసుకుని, ఆవిడ కూర్చుంటే తల ఎక్కడుంటుందో అక్కడికి చూస్తూ చదివాను. కాస్త మెరుగైంది. అలాగే మిగతా పుస్తకమంతా పూర్తిచేసి ఇచ్చాను.

వారం తిరక్కుండా అమ్మాయి ఫోన్ చేసింది.

“సార్, రికార్డింగులో ఏదో తేడా ఉంది. ఒక వాక్యం చెప్పి ఆగిపోతున్నారు. ఫోన్ ఆగిపోయిందనుకుని అమ్మ నన్ను కేకేస్తోంది. పని వదిలేసి నేను పరిగెత్తేసరికి మళ్ళీ మీరే మొదలుపెడుతున్నారు. ఏమిటి సార్ ఈ దోబూచులు?”

తప్పు నాదేనన్నాను. ఖాళీలు తీసేసి మళ్ళీ పంపుతానన్నాను.

ఆ పూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కొక్క ఖాళీనే కత్తిరిస్తూ కూర్చున్నాను. చదివేటప్పుడు ఆగుతున్నానని నాకు తెలియనే తెలియదు. ఖాళీలు నిశ్శబ్దంగా లేవు. పక్కవాటాలో ఎవరో ఎవరినో తిడుతున్నారు. నా ఊపిరి ఉంది. కొన్నిచోట్ల ఆ ఊపిరి కూడా ఆగింది. తలుపు కొట్టి, లోపల అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గిన మనిషి అలాగే ఊపిరి బిగబడతాడు. వాక్యాలు ఎవరో రాసినవి. నేను ఉన్నది ఆ ఖాళీల్లోనే. కత్తిరించింది వాటిని.

పని పూర్తిచేసి పంపేసరికి ఒక నిశ్చయానికి వచ్చాను. వెళ్ళి అడగాలి. డబ్బు వద్దు, నేనే వచ్చి చదువుతానని. ఆవిడ కాదంటే ఈ ఊళ్ళో నా గొంతు వినే మనిషి ఇంక ఎవరూ లేరు.

బస్సులో అందరి చెవుల్లోనూ ఏదో ఒకటి ఉంది. నా పక్కనామె కిటికీలోకి చూసి నవ్వింది. నాకేమో అనుకుని నేనూ నవ్వబోయాను. అది చెవిలో ఉన్న ఎవరికో.

వాళ్ళ తలుపు దగ్గరకి వేసి ఉంది. లోపల నా గొంతు వినబడుతోంది. ఇన్‌స్పెక్టరు పొరపాటున హంతకుడి ఇంట్లోనే గొడుగు మర్చిపోయిన ఘట్టం. పెద్దావిడ పగలబడి నవ్వింది. ఆ వాక్యం చదివినప్పుడు నా ముందు ఖాళీ కుర్చీ ఉంది. నవ్వు ఇప్పుడొచ్చింది. నేను గుమ్మంలో, చేతిలో చెప్పులతో, ఎవరి నవ్వో దొంగచాటుగా వింటున్నట్టు నిలబడ్డాను.

“అమ్మా,” అన్నాను.

“ఉష్! ఎవరైనా సరే కాసేపు ఆగండి. మంచి పట్టులో ఉంది.”

“నేనేనండీ.”

ఆవిడ గోడవైపు తల తిప్పింది. “నువ్వు గుమ్మంలో ఉంటే మరి ఇక్కడ మొత్తుకుంటున్నదెవరు? రా, కూర్చో.”

ఫోన్ తడుముకుంది. ఆపలేదు, గొంతు తగ్గించింది, అంతే. నేను చెప్పాల్సింది నా గొంతు మీదుగానే చెప్పాల్సి వచ్చింది. డబ్బు మాట వద్దని, ముందులాగే రోజూ వచ్చి చదువుతానని, టైము వాళ్ళ వీలు ప్రకారమే అని.

ఆవిడ గోడవైపే చూస్తూ తల అడ్డంగా ఊపింది.

“వద్దు నాయనా.”

“చదవడం బాగోలేదా?”

“బాగోకేం. నువ్వొచ్చి చదువుతుంటే నాకు నిద్రొచ్చినా పోయేదాన్ని కాదు. నడుం పీకినా ఒరిగేదాన్ని కాదు. ఊఁ అనకపోతే నీ గొంతు చిన్నబోయేది. అయ్యో పాపం అనిపించి ఊఁ అనేదాన్ని. వార్డులో అలవాటు. నొప్పులు పడేవాళ్ళు చెయ్యి పట్టుకుంటే, వాళ్ళు వదిలేదాకా మనం వదలకూడదు. ఇప్పుడు కాళ్ళు చాపుకుని హాయిగా వింటున్నా. సగంలో గురక పెట్టినా నువ్వు ఏమీ అనుకోవు.”

గంట లెక్కన డబ్బు తీసుకున్నది నేను. పని చేసింది ఆవిడ.

“కోపం వచ్చిందా?”

“లేదండీ.”

“వచ్చిందిలే. రానీ.” దిండు సర్దుకుంది. “ఆదివారం రా. పుస్తకం తేకు.”

“పుస్తకం లేకుండా వచ్చి ఏం చెయ్యను?”

“నాకేం తెలుసు? కూర్చో. నాకు నిద్రొస్తే పడుకుంటాను. నీకు విసుగేస్తే లేచి వెళ్ళు. నేను ఊఁ కొట్టను, ముందే చెబుతున్నా.”

నేను లేచాను. చెప్పులు వేసుకుంటుంటే ఆవిడ ఫోన్ గొంతు మళ్ళీ పెంచింది.

వీధిలోకి వచ్చాక ఆదివారం ఏం మాట్లాడాలో కూర్చుకోవడం మొదలుపెట్టాను. ముందు నడుం నొప్పి గురించి అడగొచ్చు. తర్వాత పక్కవాటా తిట్ల సంగతి చెప్పొచ్చు, నవ్వుతుంది. ఆ తర్వాత, ఆవిడ నిద్రపోకపోతే, నా గురించి ఒక మాట. ఆ మాటని రెండు మూడు రకాలుగా పెదాల మీద పలికి చూసుకున్నాను. ఒకటి బాగా కుదిరింది కూడా.

బస్‌స్టాప్ దాకా వచ్చాక దాన్ని వదిలేశాను. ఇక్కడే తయారుచేసి తీసుకెళితే అదీ రికార్డే. ఆదివారం ఏమీ పట్టుకోకుండా వెళ్ళాలి. బస్సు వచ్చింది, ఎక్కలేదు. అలా వెళ్ళడం నాకు చేతనవుతుందో లేదో తెలియక అక్కడే నిలబడ్డాను.