చలి కాచుకునే యూనివర్సిటీ

2003 జనవరి. నాటింగ్‌హామ్‌లోని ఆ ఆర్కిటెక్టుల ఆఫీసులో హీటింగ్ పాడై వారమైనా ఎవరికీ పట్టలేదు. కాకినాడ దగ్గర కట్టబోయే యూనివర్సిటీ అట్ట నమూనా బల్ల మీద ఉండగా ఇంక హీటర్ ఎందుకు? ఏ నమూనా అయినా తను నిలబడబోయే ఊరి ఎండావానల్ని వెంటబెట్టుకునే వస్తుంది. కిందటేడు స్కాట్లండ్ లైబ్రరీ నమూనా కింద నీళ్లు తుడవలేక అందరూ చచ్చారు.

కాకినాడ నమూనాలు రెండు. బాస్ గ్రాహమ్ గీసిందానికి దక్షిణానా పడమరా నిలువెత్తు అద్దాలే. ఎండ కనబడితే పార్కుకి పరిగెత్తే దేశం మనిషి, ఎండని లోపలికి పిలవడమే మర్యాదనుకున్నాడు. కాకినాడలో పెరిగిన నాగజ్యోతి గీసిందానికి లోతైన వరండాలు, బాగా కిందికి దిగిన చూరు, సముద్రపు గాలికి ఎదురుబొదురు కిటికీలు. అది చల్లగా ఉంటుంది కాబట్టి దాని వంక చూసిన పాపాన ఎవరూ పోలేదు. అందరూ టీ కప్పులతో అద్దాల దాని చుట్టూ చేరి అరచేతులు చాచేవాళ్లు. ఆమెకి ఒళ్లు మండేది.

“ఎంత హాయిగా ఉందో చూడు జ్యోతీ,” అనేవాడు గ్రాహమ్.

“అక్కడ అది హాయి కాదు గ్రాహమ్, చెమటకాయలు!” అని చెప్పీ చెప్పీ ఆమెకి నోరు నొప్పి పుట్టింది.

ఏది కట్టాలో తేల్చడానికి యూనివర్సిటీ రిజిస్ట్రార్ వెంకటసుబ్బారావు వచ్చాడు. మంకీ క్యాప్, రెండు స్వెట్టర్లు, అయినా వణుకే. ఈయనకైనా తెలుస్తుందని ఆమె ఆశ. ఆయన తిన్నగా వెళ్లి అద్దాల నమూనా దగ్గర చేతులు కాచుకున్నాడు.

“అబ్బ, ప్రాణం లేచొచ్చిందమ్మా. ఇదే బావుంది.”

మన వైపాయన కూడానా! నాగజ్యోతికి ఏడుపొచ్చింది. “ఒక్కసారి పైకప్పు తీసి చూడండి సార్,” అంది.

పొద్దున ఆమే రెండు నమూనాల్లోనూ బెంచీల మీద కాగితం పిల్లల్ని కూర్చోబెట్టింది. ఆయన పైకప్పు తీసేసరికి అద్దాల హాల్లో వాళ్లు ఎండకి చుట్టుకుపోయి తలలు వాల్చేసి ఉన్నారు. ఆయన ఒకణ్ణి వేలితో నిటారుగా లేపాడు. వాడు మళ్లీ వాలిపోయాడు.

ఆయన మంకీ క్యాప్ తీసేశాడు. “పరీక్షలప్పుడు మా పిల్లలు ఇలాగే పడిపోతారమ్మా,” అన్నాడు మెల్లగా. “నీ దాంట్లో వాళ్లెలా ఉన్నారు?”

ఆమె తన నమూనా కప్పు ఎత్తింది. పిల్లలు నిటారుగా కూర్చుని ఉన్నారు. సముద్రపు గాలి ఆయన నెరిసిన జుట్టుని కదిపింది. వణుకుతూనే ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

“ఇది కట్టండి,” అన్నాడు, పళ్లు టకటకలాడుతుంటే.

సాయంత్రం గ్రాహమ్ కోటు తొడుక్కుని, కుర్చీ లాక్కుని, వరండా ఎంత లోతుండాలో చెప్పమని నాగజ్యోతి పక్కన కూర్చున్నాడు. అద్దాల నమూనాని మాత్రం ఎవరూ పారెయ్యనివ్వలేదు. హీటింగ్ బాగుచేసేవాడు ఇంకా రాలేదు.