గులాబీ పురికొస

ఎఫీ గౌ తన చొక్కా లోపలి అంచుతో దుర్భిణి అద్దం మరోసారి తుడిచింది. తుడవాల్సినంత మసక అద్దంలో ఏమీ లేదు. చెక్కగది చీలికలోంచి చూస్తే సరస్సు అవతలి ఒడ్డున ఎండిపోయిన పైన్ చెట్టు, దాని నెత్తిమీద బండి చక్రమంత గూడు, గూట్లో ఒక్కటే పిల్ల. పిల్ల అని పేరే గాని తల్లంత అయింది. అది గాలికి ఎదురు నిలబడి రెక్కలు కొట్టుకుంది. పదకొండోసారికి కాళ్లు పుల్లలను వదిలాయి. జానెడు లేచింది. అక్కడ ఎవరో కాలు పట్టి లాగినట్టు ఆగి, పక్కకు ఒరిగి, మళ్లీ గూట్లో కూలబడింది.

"ఏడు ఇరవై. రెక్కల సాధన. పడమటి గాలి," అని ఆమె కాపలా పుస్తకంలో రాసింది. అంతకుమించి రాయలేదు.

ఆగస్టు ఆరో తేదీ. ఆ చేపలగద్ద పిల్ల రెండు వారాల కిందటే ఎగరాల్సింది. తల్లి మూడు రోజులుగా కనబడటం లేదు, ఆఫ్రికా దారి పట్టేసింది. తండ్రి మాత్రం రోజుకు నాలుగుసార్లు చేప తెచ్చి పడేసి పోతున్నాడు. ఏప్రిల్లో మూడు గుడ్లు పెడితే మే నెల చలికి రెండు చెడిపోయాయి. మిగిలింది ఇదొక్కటి.

ఎఫీకి అరవై ఒకటి. ముప్పై ఏడేళ్లుగా బాల్నక్రెయిగ్ పొలంలో ఆసామి పశువులకు మేత వేస్తోంది. ఉండే ఇల్లు ఆసామిది, తొడిగే బూట్లు ఆసామి కొనిచ్చినవి. భుజాలు మగవాడి భుజాల్లా ఉంటాయి. కుడిచేతి రెండు వేళ్లకు చలికాలం స్పర్శ ఉండదు. ఊళ్లో ఆమెను చూసి అందరూ తలాడిస్తారు, ఎవరూ ఆగి ఏమీ అడగరు. ఆరేళ్ల కిందట పక్షుల సంఘంవాళ్లు గూటికి కాపలా మనుషులు కావాలని బోర్డు పెట్టినప్పుడు, పొద్దున్నే నాలుగింటికి లేచే అలవాటు తప్ప తనకు ఏ అర్హతా లేదని చెబుతూనే పేరిచ్చింది. వాళ్లు రొమ్ముకు తగిలించుకునే బిళ్ల ఇచ్చారు. వేసవిలో వచ్చే జనం ఆమెను ప్రశ్నలడగడం మొదలుపెట్టారు. ఆమె జవాబు చెబితే డాక్టర్లు, లాయర్లు కూడా నోరు మూసుకుని విన్నారు.

వాళ్లు అలా వినడమే ఆమెను చెడగొట్టింది. పోయిన నవంబరులో ఊరి హాల్లో రైతులందరినీ కూర్చోబెట్టి గడ్డి మోపులకు కట్టే ప్లాస్టిక్ పురికొస గురించి ఉపన్యాసమిచ్చింది. కోసిన తాడు పొలంలో పారేస్తే పక్షి మెత్తగా ఉందని గూటికి తీసుకుపోతుందని, పిల్ల కాలికి చుట్టుకుంటుందని, చెప్పి ఊరుకుంటే బాగుండేది. వెనక వరసలో వాటీ పెట్రీ అనే రైతు కూర్చున్నాడు. అతని పొలం కంచె పక్కన తాను ఏరిన నీలం తాడు ముక్కలు సంచిలోంచి తీసి, అతని ఒళ్లో గుమ్మరించింది. "ఇవి నీవే కదా వాటీ" అంది. హాలంతా నవ్వింది. డెబ్బై ఏళ్ల మనిషి, చెవులు ఎర్రబడ్డాయి. తాడు ముక్కలు ఒక్కొక్కటే ఏరి కోటు జేబులో పెట్టుకున్నాడు.

మరుసటి వారం వాటీ వచ్చి, తనకూ కాపలాకు ఒక పూట ఇమ్మన్నాడు. మధ్యాహ్నం పూట ఇచ్చారు. ఆమెను పంతులమ్మా అని పిలవడం తప్ప ఆ హాలు సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

ఫిబ్రవరిలో మంచు మోకాలి లోతు పడింది. తెల్లవారకముందే పశువులు అరుస్తుంటే ఎఫీ మోపు తర్వాత మోపు తాడు కోసి మేత వేసింది. వేళ్లు పలకలేదు. తాడు మడిచి జేబులో కుక్కడానికి చేతిజోడు తీయాలి. తాళ్లు మంచులోనే వదిలేసి, కరిగాక ఏరుకుందాంలే అనుకుంది. ఆ తర్వాత ఆవులు ఈనడం మొదలైంది, నిద్రే లేదు. ఏప్రిల్లో మగపక్షి కాళ్లతో ఏదో గులాబీ రంగుది పట్టుకుని సరస్సు మీదుగా ఎగిరినప్పుడు ఆమె నవ్వింది కూడా. పెళ్లాం జడకు రిబ్బను తెచ్చాడని పుస్తకంలో రాసింది. రాసిన చేయి ఆ రాత మీదే ఆగిపోయింది. గులాబీ తాడు ఆ ఏడాది చుట్టుపక్కల కొన్నది బాల్నక్రెయిగ్ వాళ్లొక్కరే. ఆసామి భార్యకు ఆ రంగు ముచ్చటేసింది. ఎఫీ ఆ కాగితం చింపి, మిగతా సంగతులు కొత్త కాగితం మీద ఎక్కించింది.

జూన్ ఆఖరున సంఘం తరఫున షోనా వచ్చింది. చెట్టు పుచ్చిపోయింది కాబట్టి పిల్ల కాలికి గుర్తుబిళ్ల వేయడానికి ఈసారి ఎవరూ పైకెక్కరని, గూట్లో చెత్త ఏమైనా కనిపిస్తే మాత్రం లిఫ్టు బండి తెప్పిస్తానని చెప్పి, ఉందా అని అడిగింది.

"శుభ్రంగా ఉందమ్మా" అంది ఎఫీ.

జూలై పన్నెండున పిల్ల కాలికి గులాబీ చుట్ట కనబడింది. అదే జారిపోతుందిలే అనుకుంది. పదమూడునా అలాగే అనుకుంది. వాటీ మధ్యాహ్నాల రాతలు రోజూ వెతికి చూసేది. "రెక్కల సాధన," "చేప తిన్నది," అంతే ఉండేది. ముసలాడికి చూపు ఆనదు, బతికానని ఊపిరి పీల్చుకునేది. ఆ ఊపిరికి ఆమెకే సిగ్గేసేది.

ఆగస్టు ఆరున పన్నెండు కొట్టకముందే వాటీ వచ్చాడు. టోపీ తీసి దులిపి, మేకుకు తగిలించాడు.

"ఏం పంతులమ్మా, మనవాడు ఎగిరాడా?"

"లేదు."

అతను దుర్భిణి ముందు కూర్చుని చాలాసేపు చూశాడు. కళ్లు అందులోంచి తీయకుండానే అన్నాడు.

"కాలు నల్లబడింది ఎఫీ. నిన్నటికి ఇవాళ్టికి."

పేరు పెట్టి పిలవడంతో, అతను అంతా చూస్తూనే ఉన్నాడని ఎఫీకి తెలిసిపోయింది.

"ఎన్నాళ్లైంది నువ్వు ఆ తాడు చూసి?" అంది.

"మూడు వారాలు."

"మరి రాయలేదేం?"

"నువ్వు రాయలేదుగా. షోనాకు చాటుగా చెప్పుకునుంటావులే, ఏదో ఏర్పాటు చేస్తున్నారులే అనుకున్నా. నేను రాస్తే కసి తీర్చుకున్నట్టుండదూ? ఆ రోజు హాల్లోలా పదిమందిలో నవ్వులపాలైతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది నీకెందుకులే అని."

ఎఫీ ఫోను తీసింది. వాటీ బయటికి వెళ్లబోయాడు గాని, తలుపు దగ్గరే ఆగి కొండల వైపు తిరిగి నిలబడ్డాడు. పిల్ల తాడులో చిక్కుకుందని ఆమె చెప్పగానే షోనా బండి సంగతి మాట్లాడింది. తర్వాత, ఇవాళే కనబడిందా అని అడిగింది. అవునంటే సరిపోయేది. వాటీ నోరు విప్పడని ఆమెకు తెలుసు. ఆ వీపు చూస్తేనే తెలుస్తోంది.

"కాదమ్మా. జూలై పన్నెండు నుంచి చూస్తున్నా. తాడు నాదే. నేనే పారేశా."

వస్తున్నామని మాత్రం చెప్పి షోనా పెట్టేసింది.

రెండింటికి గాలి పెరిగింది. పిల్ల రెక్కలు చాపింది. ఈసారి జానెడు కాదు, మూరెడు లేచింది. గాలి దాన్ని గూటి అవతలి అంచు దాటించింది. అటువైపు ఏం జరిగిందో ఇక్కడినుంచి కనబడదు. పుల్లల కింద ఒక రెక్క కొస మాత్రం వేలాడుతూ కనిపించింది. అది కొట్టుకుంది, ఆగింది, కొట్టుకుంది. ఇద్దరూ దుర్భిణి ఒకరికొకరు ఇచ్చుకుంటూ చూశారు. మూడింటికి ముందే అది కదలడం మానేసింది.

లిఫ్టు బండి నాలుగున్నరకు వచ్చింది. పైకి వెళ్లిన కుర్రది పిల్లను తువ్వాలులో చుట్టి దింపి గడ్డి మీద పెట్టింది. షోనా చిన్న కత్తెరతో తాడు కోసింది. తాడు చర్మం దాటి ఎముకదాకా దిగిపోయి ఉంది. ఆమె ఆ ముక్కను ప్లాస్టిక్ కవర్లో వేసి, నవంబరు మీటింగులో దీన్ని చూపించాలంది. ఎవరు మాట్లాడతారో చూడాలని ఎవరి మొహమూ చూడకుండా అంది.

"నేనే మాట్లాడతా. నువ్వు ముందు వరసలో కూర్చో వాటీ" అంది ఎఫీ.

"వెనకే కూర్చుంటాలే. నాకు అక్కడే అలవాటు" అన్నాడు వాటీ.

బండి వెళ్లిపోయాక ఆమె గదిలోకి వచ్చి పుస్తకం తెరిచింది. జూలై పన్నెండు నుంచి ప్రతి రోజు రాత కిందా ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టింది. ఇరవై ఆరు సంతకాలు. ఆఖరుది పెడుతుండగా మగపక్షి అరుపు వినబడింది.

తల తినేసిన ట్రౌటు చేపను కాళ్ల మధ్య పట్టుకుని వచ్చి గూటి మీద వాలాడు. అరిచాడు. పక్కకు జరిగి చోటిచ్చాడు. మళ్లీ అరిచాడు. కాసేపు చూసి, చేపను అంచున పెట్టి, నీళ్ల మీదుగా వెళ్లిపోయాడు.

ఎండ పడమటి కొండ దిగేదాకా చేప ఆ పుల్లల మీద అలాగే ఉంది, మెరుపు తగ్గుతూ.