కింది క్వార్టరుకు రిజిస్టర్డ్ పోస్టు

ఆఫీసువాళ్లు పంపితే భీమేశ్వరరావు వ్యక్తిత్వ వికాసం మీద మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చాడు. వస్తూ ఒక సర్టిఫికెట్టూ, ప్లాస్టిక్ ఫైలూ, అంతకుముందు లేని ఒక చిరునవ్వూ పట్టుకొచ్చాడు. ఆ నవ్వు చూసి అతని భార్య నాగమల్లేశ్వరి, జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన పళ్లు బయటపడింది డీఏ పెరిగినప్పుడే.

"తెగిన బంధాన్ని వారంలోగా అతికించుకోవాలిట. హోంవర్కు," అన్నాడు.

"అయితే కిందికి దిగండి. పదహారు మెట్లు. చెప్పులు కూడా అక్కర్లేదు."

కింద ఉండేది నాగభూషణం, అరుంధతి. ఢిల్లీలో ఈ ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లకు వచ్చిన నాటినుంచీ రెండిళ్ల మధ్యా కూరగిన్నెలు ఎక్కుతూ దిగుతూ ఉండేవి. పోయిన వేసవిలో వీళ్ల కూలర్ నీళ్లు కారి, కింద మంచం మీద అరుంధతి ఎండబెట్టుకున్న మాగాయ ముక్కలు నానిపోయాయి. "అయ్యో, పొరపాటైంది" అంటే తీరిపోయేది. ఈ మహానుభావుడు బాల్కనీలోంచి వంగి, ప్రభుత్వ స్థలంలో తినుబండారాలు ఎండబెట్టడం నిబంధనలకు విరుద్ధమని ఉపన్యాసమిచ్చాడు. కిందనుంచి నాగభూషణమూ ఊరుకోలేదు. అంతే, రెండిళ్ల మధ్యా మాటలు బంద్.

ఇప్పుడు నాగభూషణం రిటైరయ్యాడు. ఆదివారం లారీ వస్తుంది, సామానంతా కాకినాడకి. అరుంధతితో ఒక్క మాటైనా లేకుండా ఆ లారీ కదిలిపోతుందేమోనని నాగమల్లేశ్వరికి అన్నం సహించడం లేదు.

భీమేశ్వరరావు సోమవారం ఫైలు తెరిచాడు. సెక్షన్ ఆఫీసరుకు పశ్చాత్తాపం కలిగినా ఫైలు మీదే కలగాలి. విషయం: పొరుగు సంబంధాల పునరుద్ధరణ. మంగళవారం ముసాయిదా రాశాడు. బుధవారం అందులో 'క్షమించండి' అన్న మాట కొట్టేశాడు.

"అదేవిటండీ?"

"రాతపూర్వకంగా తప్పొప్పుకోకూడదే. రేపు పాయింటవుతుంది. 'చింతిస్తున్నాము' చాలు."

"మాగాయ మీద కోర్టుకెక్కుతారా వాళ్లు? అయినా 'చింతిస్తున్నాము' ఏవిటి? మీరూ, కూలరూనా?"

గురువారం స్టెనో చేత టైపు చేయించాడు. అడుగున 'నకలు: శ్రీమతి నాగమల్లేశ్వరికి, సమాచారం నిమిత్తం' అని ఉంది. శుక్రవారం సాయంత్రం ఆ నకలు ఆమె చేతికిచ్చి, ముట్టినట్టు సంతకం అడిగాడు.

"మరి అసలుది?"

"రిజిస్టర్డ్ పోస్టులో వేశాను. సోమవారానికి అందుతుంది."

"ఆదివారం వెళ్లిపోతున్నారు కదండీ!"

"అచ్ఛా... కొత్త అడ్రసుకి పంపిస్తార్లే. మనవైపునుంచి చర్య పూర్తయింది."

నాగమల్లేశ్వరి ఆ కాగితం ఆయన ఒళ్లో పడేసి గబగబా మెట్లు దిగింది.

కింద తలుపు తీసే ఉంది. అట్టపెట్టెల మధ్య కూర్చుని అరుంధతి గాజు గ్లాసులకు పాత పేపర్లు చుడుతోంది.

"మా ఆయన తరఫున..."

"ఆయన సంగతి నాకెందుకు వదినా? మా ఆయనేం తక్కువ తిన్నాడా? మగాళ్లు కూలరు కోసం కొట్టుకున్నారు, సరే. నీకేమొచ్చింది? 'మీరు దిగండి, మీరు దిగండి' అని ఏడాదిగా ఆయన్ని పోరుతున్నావు. వినబడుతూనే ఉంది. నీ కాళ్లకి సంకెళ్లు వేశారా? పాల బూత్ దగ్గర నన్ను చూసి మొహం తిప్పుకున్నది కూడా ఆయనేనా?"

మొగుణ్ణి ఏడాదిపాటు దెప్పిన నాగమల్లేశ్వరికి అప్పుడు తెలిసొచ్చింది. ఆయన ఫైలు చాటున దాక్కుంటే, తను ఆయన చాటున దాక్కుంది. పైగా ఆయన్ని చూసి నవ్వింది.

"తప్పు నాదే, అరుంధతీ."

"నీదే. ఏడవకు, నాకు చిరాకు. ఆ పేపర్లు ఇలా తే."

నాగమల్లేశ్వరి కింద చతికిలబడి ఒక గ్లాసు చుట్టింది.

"అలాక్కాదు, లోపల కూడా కుక్కు. ఇంత వయసొచ్చింది, గ్లాసు చుట్టడం రాదు."

విప్పి మళ్లీ చుట్టింది. పైనుంచి "టీ ఏదే?" అని కేక వినిపించింది.

"పలకావంటే చూడు," అంది అరుంధతి.

నాగమల్లేశ్వరి ఇంకో గ్లాసు అందుకుంది.