గుయ్ లేని గిటార్

నాచారం బిస్కెట్ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, కాళ్లు పీకుతుంటే కృప ఉప్పల్ చౌరస్తాకు చేరింది. మెట్రో మెట్ల కింద కొడుకు టిమోతి గిటార్ సంచీతో ఎదురుచూస్తున్నాడు. గిటార్ రిపేరంటే కరెంటుతో పని, దుకాణానికి వాణ్ణి ఒక్కణ్ణే పంపడానికి ఆమెకు మనసొప్పలేదు.

పోయిన ఆదివారం మందిరంలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే వాడి గిటార్ గుయ్యిమంటూనే ఉంది. "వచ్చేవారం గూడ గిట్లనే మోగితే వాయించుడు బంద్ జెయ్ బిడ్డా" అన్నాడు పాస్టరయ్య. ఆ వాయించడం ఆగిపోతే వీడు ఆదివారాలు ఎవరి బండెక్కుతాడో, ఎక్కడ పడతాడో. కృప ఆలోచన అప్పుడే దవాఖానా దాకా పోయింది.

రిపేరు దుకాణం జీవన్ గిటార్ తీగల కింద ఉండి వాటి మోతను పట్టే పికప్ ఊడదీశాడు. "దీన్ల ఒకటే తీగచుట్ట ఉన్నది, అందుకే గుయ్యంటది. హంబకర్ అనే రకం పికప్‌ల రెండుంటయి. ఒకదాని గోల ఇంకోటి మింగుతది."

"షాక్ కొట్టదు గద నాయనా? మందిరంల చెప్పులిడిచి నిలబడ్తడు."

"వైరింగు మంచిగుంటే ఏంగాదమ్మా."

ఉంటే అన్నాడు. ఆ మాట దగ్గరే ఆమె మనసు చిక్కుకుంది.

జీవన్ మొదట పెట్టిన హంబకర్‌తో టిమోతి వాయిస్తే దుకాణం అద్దాలు అదిరాయి. వాడి మొహం వెలిగింది. "గిదే అన్నా. మస్తున్నది."

"నీ గిటార్ది ముందే లావు గొంతు. దానికి ఇది తోడైతే అంత ముద్దముద్దయితది. చర్చిల జనం గూడ పాడుతరా, నువ్వొక్కనివేనా?" జీవన్ నవ్వి కృప వైపు తిరిగాడు. "అమ్మా, జర ఒక పాట పాడున్రి."

పాడే ఓపిక ఆమెకెక్కడిది. అయినా గోడకు ఆనుకుని సన్నగా ఎత్తుకుంది. గిటార్ మోతలో తన గొంతు తనకే వినబడలేదు.

జీవన్ దాన్ని తీసి ఇంకో హంబకర్ అతికాడు. ఇది మెత్తన, కానీ ఒక్కో తీగా విడివిడిగా పలుకుతోంది. కృప మళ్లీ అదే పాట ఎత్తుకుంది. ఈసారి ప్రతి మాటా వినబడింది. చరణం మధ్యలో గొంతు చీలడమూ, ఆ వెంటనే వచ్చిన దగ్గూ వినబడ్డాయి.

టిమోతి చెయ్యి ఆగింది. "అమ్మా, నీ గొంతు గిట్లెప్పుడైంది?"

"పిండి దుమ్ము బిడ్డా. కొత్తదేం గాదు."

వాడు జీవన్ వైపు తిరిగాడు. "గిదే ఉంచన్నా."

దుకాణంలో గుయ్ లేదు. కృపకు అది మరీ భయంగా తోచింది. "సప్పుడే లేకపాయె. ఇగ కరెంటున్నదో లేదో ఎట్ల తెలుస్తది? ఆదివారం నీ కాళ్ల కింద రబ్బరు పట్టా ఏస్త."

ఇంకోనాడైతే వాడు విసుక్కునేవాడు. ఇవాళ ఆమె చేతిలోని టిఫిన్ సంచీ అందుకున్నాడు.

"ఎయ్ అమ్మా" అన్నాడు.